తాతల ఊరి స్టేషను

ఈ నెల ఒక ప్రయాణపు మాట చెప్పుకొందుము. విదేశాలకు వెళ్లివచ్చినవారు అక్కడ చూచిన వింతలు చెప్పుట వాడుక. మేమును కొన్ని చెప్పి, చివరకు మా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకొందుము. దయచేసి చివరి వరకు చదవండి.

2025 మే నెల 29వ తేదీన, అనగా ప్రభువు ఆరోహణ దినమున, స్విట్జర్లాండు దేశంలోని జూరిచ్ పట్టణమున ప్రపంచ మెన్నోనైట్ సంఘముల కూడిక జరిగింది. దేవుని కృపనుబట్టి మాకును మా సతీమణికిని ఆ కూడికకు వెళ్లే భాగ్యము దొరికింది. ఆ పట్టణములోనే 500 సంవత్సరాల క్రిందట, 1525 జనవరి 21వ తేదీ రాత్రి, కొద్దిమంది విశ్వాసులు ఒక ఇంట కూడుకొని, పసితనపు బాప్తిస్మము చాలదని, తామే విశ్వసించి ఒప్పుకొని బాప్తిస్మము పొందారు. ఆ దినములలో అది ప్రభుత్వమునకు ఎదురు తిరిగినంత నేరము. రెండేండ్లు తిరగకముందే, 1527 జనవరి 5న, వారిలో ఒకరైన ఫెలిక్స్ మాంజ్‌ను చేతులు కట్టి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. నీళ్ల బాప్తిస్మము కోరినవానికి నీళ్లలోనే మరణము. ఆ నది గట్టున మేము నిలబడినప్పుడు మా నోట మాట రాలేదు.

మన పాలమూరు, నల్గొండ ప్రాంతాల సంఘములకు ఆ రాత్రితో సంబంధము ఉన్నది. 1889లో అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు రష్యా దేశమునుండి బయలుదేరి వచ్చి నల్గొండలో సువార్త పని చేశారు. 1899లో అమెరికానుండి మెన్నోనైట్ బ్రదరెన్ మిషనెరీలు నైజాము దేశమునకు వచ్చారు. వారి వంశములు హాలెండు, ప్రష్యాల మీదుగా రష్యాకు చేరినవి. స్విస్ రక్తము వారిది కాదు. అయినను వారు తెచ్చిన బాప్తిస్మము ఆ జూరిచ్ ఇంట మొదలైనదే. మా తాతగారు బాప్తిస్మము పొందిన ఏట దొర ఆయనను పనిలోనుండి తీసివేసి గుడిసె ఖాళీ చేయించాడని మా నాయనగారు చెప్పేవారు. విశ్వాసము నిమిత్తము ఊరు విడిచినవారి కథ అక్కడనూ ఉన్నది, మన ఇండ్లలోనూ ఉన్నది.

కూడికలో మా ప్రక్కన అమెరికా దేశమునుండి వచ్చిన ఒక వృద్ధ దంపతులు కూర్చున్నారు. పెద్దాయనకు ఎనుబది దాటినవి. వృత్తి పాడి వ్యవసాయము. మా సతీమణి తన వంతు రొట్టె ఆ తల్లికి ఇచ్చినది మొదలు స్నేహము కలిసింది. మరునాడు తాము కొండలలోని ఒక ఊరికి రైలులో వెళ్తున్నామనియు, తమ పూర్వికుల ఊరు దాని దగ్గరలోనే ఉన్నదనియు, తోడుగా రమ్మనియు పెద్దాయన అడిగారు. ఆయన చేతిలో ఒక పాత కుటుంబపు బైబిలు నకలు కాగితమున్నది. వంశమువారి పేర్లు, పుట్టిన తేదీలు వరుసగా వ్రాసి, అట్టడుగున ఆ ఊరి పేరు ఉన్నది. మూడు వందల ఏండ్లుగా ఆ ఇంటివారెవరూ అక్కడికి తిరిగి వెళ్లలేదట.

మరునాడు ఉదయమే రైలెక్కాము. ఆ దేశమున బండి నిమిషము తప్పదు. సామాను పైన పెట్టేలోపే బండి కదిలింది. సుమారు గంటన్నర ప్రయాణము. బెర్న్ దాటిన తరువాత ఆరె నది కనబడింది. పెద్దాయన కిటికీకి దగ్గరగా జరిగి, "పాస్టరుగారూ, మావాళ్లలో చాలామందిని పంపివేసినది ఈ నీళ్లమీదనే" అన్నారు.

ఆ సంగతి చదువరులు తెలుసుకోదగినది. 1659లో బెర్న్ ప్రభుత్వము ఈ విశ్వాసులను అణచుటకే ఒక ప్రత్యేక సభను పెట్టింది. వారిని పట్టిచ్చుటకు మనుష్యులను నియమించింది. భూములు, పశువులు స్వాధీనము చేసికొన్నది. కొందరిని చెరలో వేసింది, కొందరిని ఓడలలో తెడ్లు వేసే బానిసత్వమునకు పంపింది. చివరకు 1711 జూలైలో వందలమందిని పడవలలో ఎక్కించి, ఈ ఆరె నదిమీదుగా రైను నదిలోనికి, అక్కడనుండి హాలెండుకు దాటించింది. ఇందులో మనకు బాధ కలిగించే మాట ఒకటున్నది. తరిమినవారు అన్యులు కారు. వారును బైబిలు చేతపట్టిన ప్రొటెస్టంటులే. 1528లో సంస్కరణను అంగీకరించిన రాజ్యమే అది.

తూన్ పట్టణము దాటగానే నీలిరంగు సరస్సు, దాని వెనుక మంచు కొండలు కనబడినవి. మా సతీమణి "దేవుడు ఇంత తీరిగ్గ కూసోని చేసిండా!" అన్నది. కాని ఆ దినమున పెట్టెలో ఎవరి ముఖమునను సంతోషము లేదు. అందరి చేతులలోను వార్తాపత్రికలు. రెండు దినముల క్రిందటనే, మే 28న, ఆ కొండలకు ఆవలి ప్రక్కన బ్లాటెన్ అనే ఊరిమీద మంచు, బండలు విరిగిపడి ఊరిలో దాదాపు తొంబది పాళ్లు పూడిపోయింది. కొండ కదులుతున్నదని ముందే గుర్తించి, సుమారు మూడు వందలమంది ఊరివారిని, వారి పశువులను ముందుగానే దాటించినందున ప్రాణములు దక్కినవి. ఒక్క మనిషి జాడ మాత్రము అప్పటికి తెలియలేదు. మా ఎదుట కూర్చున్న ఒక స్త్రీ పత్రికలోని బొమ్మను చూపి, గుడి గోపురము ఉండవలసిన చోట వ్రేలు పెట్టింది. అక్కడ బురద తప్ప ఏమియు లేదు.

స్పీజ్ స్టేషనులో చాలామంది అదే బండిలో ఆవలి లోయలకు సాగిపోయారు. మేము దిగి చిన్న బండి పట్టుకొన్నాము. అది సిమ్మె ఏటి వెంబడి పడమరగా పోతుంది. 1897లో వేసిన లైను అది. ఇరుప్రక్కల పచ్చిక, కొయ్య ఇండ్లు, మెడలో గంటలు కట్టిన ఆవులు. ఎరుపు తెలుపు మచ్చల ఈ ఆవులు ఈ లోయ పేరుతోనే సిమ్మెంటాల్ ఆవులని ప్రపంచమంతటా ప్రసిద్ధి. పాడి రైతైన పెద్దాయన వాటి పొదుగులను చూచి, ఒక్కొక్కటి ఎన్ని లీటర్లు ఇచ్చునో లెక్క చెప్పసాగారు. మేమును బర్రెలు కాచి పెరిగినవారమే గనుక మాటలు బాగా కలిసినవి. ఇరువది నిమిషములు గడవకముందే ఎర్లెన్‌బాహ్ స్టేషను వచ్చింది.

చిన్న స్టేషను. మన పల్లె స్టేషనువలె నలుగురు దిగారు, ఇద్దరు ఎక్కారు. బండి వెళ్లిపోగానే ఏటి చప్పుడు, ఆవుల గంటలు తప్ప ఏమియు వినబడలేదు. పెద్దాయన కదలలేదు. టోపీ తీసి చేత పట్టుకొని, స్టేషను పేరు వ్రాసిన బోర్డు క్రింద చాలాసేపు నిలుచున్నారు. ఆ తల్లి ఆయన చేయి పట్టుకొన్నది. మేము ప్రక్కకు తొలగాము.

ఊరిలో సుమారు 1,700 మంది నివాసము. ఇండ్ల కొయ్య ముఖముల మీద చెక్కిన అక్షరములు, ఇల్లు కట్టించినవారి పేర్లు, సంవత్సరము, దైవవాక్యములు ఉన్నవి. కప్పు వేసిన కొయ్య మెట్లమీదుగా ఎక్కితే పాత గుడి. లోపల గోడలనిండా పరిశుద్ధ గ్రంథపు కథల బొమ్మలు, ఐదారు వందల ఏండ్ల క్రిందటివి. పాస్టర్లమై యుండియు మేము ఆ బొమ్మలలో కొన్నింటిని గుర్తుపట్టలేక, మా సతీమణిని అడిగి తెలిసికొన్నాము. ఆదివారపు బడి చెప్పేది ఆమె గదా!

యాకోబు అమ్మాన్ అనే ఆయన 1644లో పుట్టి ఈ గుడిలోనే పసితనపు బాప్తిస్మము పొందాడు. వృత్తి దర్జీ. పెరిగి పెద్దవాడై హింసింపబడుతున్న విశ్వాసులతో చేరి కాపరి అయ్యాడు. నేడు అమెరికాలో గుర్రపు బండ్లమీద తిరిగే ఆమిష్ వారు ఆయన పేరునుబట్టి ఏర్పడినవారే. ఇప్పుడు వారు 4 లక్షలకు పైన ఉన్నారు. మా పెద్దాయన పూర్వికులు ఆ గుంపువారే.

గుడిలో పూలు సర్దుతున్న ఒక స్త్రీ మమ్ములను చూచి దగ్గరకు వచ్చింది. కొంచెము ఇంగ్లీషు వచ్చును. పెద్దాయన తన కాగితము చూపి, తనవారు ఎందుకు వెళ్లవలసి వచ్చినదో చెప్పారు. ఆమె తల వంచుకొని విన్నది. తరువాత ఆ కాగితముమీది ఇంటిపేరు చదివి, "ఈ ఇంటిపేరువారు మా లోయలో ఇప్పటికీ ఉన్నారు" అన్నది. అంతే. పెద్దాయన అక్కడి బల్లమీద కూర్చుని చిన్నపిల్లవానివలె ఏడ్చారు.

బయటికి వచ్చి సమాధుల ప్రక్కన గోడమీద కూర్చున్నాము. ఆ తల్లి సంచిలోనుండి రొట్టె, వెన్నముక్క తీసి నలుగురికి పంచింది. మేము ఓదార్పుగా, "తరిమినవారు ఇప్పుడు క్షమాపణ అడిగారు గదా" అన్నాము. అది నిజమే. 2004లో జూరిచ్ సంఘము తన పాపము ఒప్పుకొని, ఆ నది గట్టున చంపబడినవారి జ్ఞాపకార్థము రాయి నాటింది. 2010లో లూథరన్ సంఘముల ప్రపంచ సమాఖ్య దేవుని యెదుటను మెన్నోనైట్ సహోదరుల యెదుటను క్షమాపణ వేడుకొన్నది. 2017లో బెర్న్ ప్రభుత్వ మంత్రి ఒకరు తమ ప్రభుత్వము చేసిన హింసకు క్షమించుమని అడిగారు.

పెద్దాయన తల ఊపి అన్నారు: "పాస్టరుగారూ, వారు అడిగారు, మేము క్షమించాము. అది కష్టమనిపించలేదు. చంపినవాడును చచ్చినవాడును ఇద్దరూ పోయి మూడు వందల ఏండ్లాయెను. కష్టమైనది వేరే ఉన్నది."

అప్పుడాయన చెప్పిన కథ ఇది. తరుమబడిన ఆ కొద్దిమంది విశ్వాసులు 1693లో తమలో తాము చీలిపోయారు. సంఘమునుండి వెలివేయబడినవానితో కలిసి భోజనము చేయవచ్చునా, కూడదా? కూడదని అమ్మాన్ పట్టుపట్టాడు. పెద్ద కాపరియైన హన్స్ రైస్ట్ అంత కఠినము వద్దన్నాడు. వినలేదని అమ్మాన్ ఆయనను, ఆయన ప్రక్కనున్న కాపరులను వెలివేశాడు. ఏడేండ్లు గడిచినవి. 1700లో అమ్మాన్, ఆయనతో ఉన్న కాపరులు తాము తొందరపడ్డామని గ్రహించి, తమ్మును తామే వెలివేసికొని క్షమాపణ అడిగారు. ఎంత తగ్గింపు! కాని అప్పటికి అవతలివారి మనస్సులు గట్టిపడిపోయినవి. సమాధానము కుదరలేదు. ఆ చీలిక నేటికీ ఉన్నది.

"మా తాత ఆమిష్ సంఘము విడిచాడు," అన్నారు పెద్దాయన. "ఆయన తన అన్న ఇంటికి పోతే వేరే బల్ల వేసి భోజనము పెట్టేవారు. అదే గది, అదే కూర, బల్ల మాత్రము వేరు. నేను ఆరేండ్లవాడిని. తాత ప్రక్కన కూర్చుని తిన్నాను. ఆయన మెతుకు మింగలేకపోయేవాడు. ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోకుండానే చచ్చిపోయారు. బెర్న్ రాజ్యము నా వంశమునకు చేసినది నేను పుస్తకములో చదివాను. ఇది మాత్రము కండ్లతో చూచాను."

వెలి అనగా ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మా నోటిలోని రొట్టె దిగలేదు. పెద్దాయనకు తెలియదు గాని, మా సతీమణికి తెలుసు.

ప్రియ చదువరులారా, ఇప్పుడు మా తప్పు. మా నాయనగారు 2014లో ప్రభువునందు నిద్రించారు. మూడెకరాల చెలక, ఒక బోరు మిగిలినవి. బోరు మా అన్నగారు తన అప్పుతో వేయించారు. పంపకము మాట వచ్చినప్పుడు ఎవరి లెక్క వారికి సరిగానే కనబడింది. మేము చదువుకొన్నవారము, మాటలు వచ్చినవారము. పెద్దమనుష్యులను కూర్చోబెట్టి, నలుగురి యెదుట, మమ్మును భుజాలమీద మోసి పెంచిన అన్నను "దొంగ" అన్నాము. ఆయన ఒక్క మాట అనలేదు. తువ్వాలు దులుపుకొని లేచి వెళ్లిపోయారు. ఆనాటినుండి మేము ఆ గడప తొక్కలేదు. 2019లో ఆయన కూతురి పెండ్లికి పత్రిక పంపారు. ఆ దినమున మాకు ఉపవాస కూడిక ఉన్నదని కబురు చేశాము. కూడిక సాయంకాలము, పెండ్లి ఉదయము. ఈ పదకొండేండ్లలో క్షమాపణనుగూర్చి మేము చేసిన ప్రసంగములు లెక్కలేనన్ని. గుడిసె ఖాళీ చేయించిన దొరను మా ప్రార్థనలలో ఎప్పుడో క్షమించాము. అన్నగారి సంగతి మాత్రము ప్రార్థనలోనికి రానియ్యలేదు.

సాయంకాలము తిరుగు బండిలో పెద్దాయన నిద్రపోయారు. ఆయన వెదకిన ఇల్లు దొరకలేదు. పక్క లోయలోని ఆ పల్లెకు నడిచి వెళ్లి చూడగా, ఆ పేరుగల పొలము మాత్రము మిగిలియున్నది. ఆయన ఒక గులకరాయి తీసి జేబులో వేసికొన్నారు. ఆయనకు అదే చాలినది.

మా సతీమణి కిటికీలోనుండి చూస్తూ మెల్లగా అన్నది: "ఈ ముసలాయన మూడు వందల ఏండ్ల కిందటి ఊరు దేవులాడుకుంట సముద్రం దాటి వచ్చిండు. మన ఊరికి బస్సు కిరాయి ఎంత?"

మేము జవాబు చెప్పలేదు.

"ఆ బ్లాటెనోళ్లు పోదామన్నా ఇగ ఊరే లేదు. మన ఊరు ఉన్నది. అన్న ఉన్నడు. నాకైతే బస్సు ఫ్రీ, టికెట్టు మీ ఒక్కరికే."

నవ్వబోయి నవ్వలేకపోయాము. బలిపీఠమునొద్ద అర్పణము తెచ్చినవాడు, సహోదరునికి తనమీద విరోధమున్నదని జ్ఞాపకము వస్తే, అర్పణము అక్కడనే విడిచి ముందు వానితో సమాధానపడవలెనని మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు చెప్పియున్నారు. ఎవరిది తప్పు అని ప్రభువు అక్కడ అడగలేదు. ముందు లేచి వెళ్లుమన్నారు. ఈ మాటమీద మేము కనీసము పదిసార్లు ప్రసంగించియుందుము.

జూన్ నెలలో ఇంటికి చేరిన మొదటి శనివారము బయలుదేరాము. మాకును ఆ ఊరికిని మధ్య నలుబది కిలోమీటర్లు. గంటన్నర బస్సు. స్విస్ బండిలో జూరిచ్‌నుండి స్పీజ్‌కు పట్టినంత సమయము! ఊరి స్టేజీ దగ్గర దిగగానే కాళ్లు వెనుకకు లాగినవి. ఆ కొయ్య స్టేషనులో టోపీ చేత పట్టుకొని నిలుచున్న పెద్దాయన ఎందుకు కదలలేకపోయారో అప్పుడు తెలిసింది.

అన్నగారు చెట్టుక్రింద తాడు పేనుతున్నారు. తలంతా నెరిసింది. మేము వెళ్లి ఎదుట నిలుచుని, "అన్నా, నలుగురిల నిన్ను దొంగ అన్న. తప్పు నాది. నన్ను క్షమించు" అన్నాము. సిద్ధము చేసికొన్న మిగతా మాటలు నోటికి రాలేదు. ఆయన తాడు పేనుట ఆపలేదు. ఎంతసేపో చెప్పలేము. 1700లో అమ్మాన్ మాట వినబడని ఆ గదిలో మౌనము ఇట్లే ఉండియుండును అనుకొన్నాము.

తరువాత ఆయన తల ఎత్తకుండానే లోపలికి కేక వేశారు: "ఏమే, తమ్ముడొచ్చిండు. బియ్యం పెట్టు."

వదినగారు ఒకే చాప వేశారు. జొన్న రొట్టె, పచ్చిపులుసు, ఆ పూట వండిన అన్నము. క్షమించానని అన్నగారు అనలేదు. భూమి మాట ఎత్తలేదు, మేమును ఎత్తలేదు. అది ఇంకను తేలవలసియే ఉన్నది. బోరు అప్పులో మా వంతు ఎంతో లెక్క చూచి ఇచ్చుటకు మేము ఒప్పుకొన్నాము. తిన్న తరువాత మరుసటి నెల మనుమరాలి ప్రతిష్ఠ ప్రార్థనకు రమ్మన్నారు. "ఉపవాస కూడికలు ఏమన్న ఉన్నయా?" అని అడిగారు. ఆయన ముఖములో చిన్న నవ్వు. మాకు సిగ్గుతో తల వంగిపోయింది.

చదువరులారా, మీ తాతల ఊరు ఎక్కడ? ఆ ఊరి బస్సు ఎక్కి ఎన్నేండ్లయినది? దూరముననున్న శత్రువును క్షమించుట సులువు. ఒకే కంచములో తిని పెరిగినవాని గడప తొక్కుటే కష్టము. అవతలివారు ఒప్పుకొందురో లేదో మన చేతిలో లేదు. అమ్మాన్‌కు వారు ఒప్పుకొనలేదు. అయినను అడుగుట మనవంతు. కొండ విరిగిపడకముందే, అన్నయో చెల్లెలో బ్రతికియుండగానే, అడుగవలెను.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, వెలివేయబడినవారితో కూర్చుని భుజించిన నీ కుమారుని బిడ్డలమైన మాకు, మా ఇంటివారితో ఒకే చాపమీద కూర్చునే తగ్గింపు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.